స్వప్నకు పడని ఓట్లు

నేను ఒక అబద్ధమాడాను. కొన్నేళ్లుగా దాన్ని లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. మావారికి కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళయితే మొహం చూస్తూ ఈ మాటలు పెగిలేవి కావు. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే నమ్మకండి.

మేము బహ్రెయిన్‌లో, బుసైతీన్‌లో ఉంటాం. నేను ఒక ఆఫీసులో పనిచేస్తాను. ఇక్కడ మాకొక తెలుగు సంఘం ఉంది. అధ్యక్షుడి ఎన్నికంటే పెద్దవాళ్ళు ఒక పేరు చెప్పడం, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టడం. ఏళ్ల తరబడి ఒకాయనే అధ్యక్షుడు. పండగలు ఘనంగా చేయించేవాడు. కూలిపనికి వచ్చి లేబర్ క్యాంపుల్లో ఉండే కుర్రాళ్ళు జబ్బుపడి ఆస్పత్రిలో చేరితే మాత్రం సంఘం నుంచి ఒక్కరూ వెళ్ళేవారు కాదు.

దీన్ని మార్చాలని మొదట అనుకున్నది నేను. గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత నేను చేసిన పనికి మూలం అక్కడే ఉంది. సెలవు రోజుల్లో హమద్ టౌన్ వైపు క్యాంపుకు వెళ్ళి, కుర్రాళ్ళను కూర్చోబెట్టి, సంఘంలో చేరండి, ఓటెయ్యండి అని చెప్పేదాన్ని. చాలామంది చదువు ఆపేసి, ఓటు హక్కు వచ్చీ రాకుండానే ఇల్లు వదిలినవాళ్ళు. ఇంటి దగ్గర ఎన్నికలొచ్చినప్పుడు వీళ్ళిక్కడ డ్యూటీలో ఉండేవారు. జీవితంలో ఒక్కసారీ ఓటెయ్యలేదు. "మేమేస్తే లెక్కల వడ్తదా అక్కా?" అని నరేశ్ అడిగాడు. క్యాంపులో అందరూ అతని మాట వినేవారు. పడుతుందని నేనే చెప్పాను.

నాతోపాటు స్వప్న వచ్చేది. నిజామాబాద్ వైపు పిల్ల, నర్సు. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. క్యాంపులో ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఆమెకే ఫోన్ చేసేవారు. డాక్టరు చెప్పింది వాళ్ళకు తెలుగులో విడమరిచి చెప్పేది. నేను మాట్లాడేదాన్ని, ఆమె పని చేసేది. ఈ తేడా అప్పట్లో నాకు కనిపించలేదు. కనిపించలేదా, చూడదలచుకోలేదా?

ఈసారి ఓటింగు పెట్టాలని సంఘాన్ని ఒప్పించాం. పాత అధ్యక్షుడి మీద ఎవరిని నిలబెట్టాలో తేల్చుకోవడానికి మా వైపువాళ్ళందరూ మా ఇంట్లో కలిశారు. పులిహోర చేశాను. నా పేరే చెబుతారని అంత నమ్మకం నాకు. వద్దు వద్దంటూ ఎలా ఒప్పుకోవాలో కూడా మనసులో అనుకుని ఉంచుకున్నాను. నరేశ్ లేచి, స్వప్నక్క నిలబడాలన్నాడు. ఒక్కరూ నా వైపు చూడలేదు. చప్పట్లు కొట్టారు. స్వప్న మాత్రం నా మొహంలోకి చూసి, నువ్వేమంటావని అడిగింది. నేనూ అదే అనుకున్నానని నవ్వాను. ఆమె కాదంటుందని, అక్క ఉండగా నేనేంటి అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

వాళ్ళు వెళ్ళాక గిన్నెలు కడుగుతూ ఏడ్చాను. నన్ను మోసం చేశారనిపించింది. నిజంగా మోసమేనా అది? వాళ్ళు నాకు మాటిచ్చింది లేదు. నేను అడిగిందీ లేదు. అయినా ఆ బాధ అబద్ధం కాదు. ఇల్లూ పిల్లలనూ వదిలి క్యాంపుల చుట్టూ తిరిగింది నేనైతే, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు చప్పట్లా? ఆ మాట నాలోనే నానింది. పైకి మాత్రం ఆమె కోసం అందరికీ ఫోన్లు చేస్తూనే ఉన్నాను.

ఓటింగుకు ముందు రోజు నరేశ్ కుర్రాళ్ళను హాలుకు తీసుకొచ్చే బస్సు సంగతి మాట్లాడటానికి ఫోన్ చేశాడు. అప్పటిదాకా నాకు ఏ ఉద్దేశమూ లేదు. ఒట్టు. అతను, "స్వప్నక్క గెలుస్తదక్కా, మా పోరలందరూ తయారున్నరు" అన్నాడు. ఆ గొంతులో సంతోషం విన్నాను. నా నోటి నుంచి మాట వచ్చేసింది. స్వప్న పెద్దవాళ్ళతో మాట్లాడుకుందని, పోటీ పేరుకేనని, మిమ్మల్ని చూపించి కమిటీలో పదవి సంపాదించుకుంటోందని చెప్పాను. నాకూ ఇప్పుడే తెలిసిందన్నాను. ఆమెను అడగవద్దని, అడిగితే ఒప్పుకోదని కూడా అన్నాను. చూశారా, అంత జాగ్రత్త పడ్డాను.

అతను, "మొన్ననే గదా మా రూముకచ్చి మాతోటి అన్నం తిన్నది" అన్నాడు. అంతే. ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేసి, అది అబద్ధమని చెప్పడానికి నాకు ఇంకా సమయం ఉంది. చెయ్యలేదు.

మర్నాడు సనాబిస్‌లోని హాల్లో ఓటింగు. స్వప్న డ్యూటీ మార్చుకుని చీర కట్టుకుని వచ్చింది. కుర్రాళ్ళు ఓవర్‌టైం చేసి నేరుగా వస్తారని మంచినీళ్ళ సీసాలు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. రోడ్డు మీద బస్సు కనిపిస్తే చాలు, లేచి నిలబడేది. నరేశ్‌కు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. నేను లోపలికి వెళ్ళి ఓటు వేసి వచ్చాను. స్వప్నకే వేశాను. ఎందుకు వేశానో ఇప్పటికీ తెలియదు. నీకే వేశానని ఆమెతో ధైర్యంగా చెప్పుకోవడానికేమో.

ఓడిపోయింది. అందరూ వెళ్ళాక మెట్ల మీద నా పక్కన కూర్చుంది.

"వాళ్ళెందుకు రాలేదక్కా? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"నువ్వేం చేస్తావే. కుర్రాళ్ళు అంతే. మాటిస్తారు, మర్చిపోతారు."

"మర్చిపోయేటోళ్ళు కాదక్కా వాళ్ళు."

"మరి రాలేదుగా."

కళ్ళు తుడుచుకుంది. "నువ్వొక్కదానివే నా పక్కన నిలబడ్డవ్" అని నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు నేను.

మళ్ళీ గెలిచిన పాతాయన పెద్దమనసు చూపించాలని ఆమెకు కమిటీలో చోటిచ్చాడు. వద్దందామనుకుంది. నేనే తీసుకొమ్మన్నాను. లోపల మన మనిషి ఒకరుండాలని చెప్పాను. ఎందుకలా చెప్పానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ సంగతి క్యాంపుకు చేరింది. నేను చెప్పిందంతా నిజమైపోయింది. ఇక స్వప్న ఎన్నిసార్లు ఫోన్ చేసినా వాళ్ళు ఎత్తలేదు.

ఆ తర్వాత జరిగిన ఎన్నికకు ఒక్క కుర్రాడూ రాలేదు. నరేశ్ ఒకసారి మార్కెట్లో కనిపించాడు. మొన్న సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడ పోలింగట. ఇంట్లో అందరూ వెళ్ళినా తను వెళ్ళలేదన్నాడు. "అందరొక్కటే అక్కా. నువ్వు మంచిగ కళ్ళు తెరిపిచ్చినవ్" అన్నాడు. నాకు థాంక్స్ చెప్పి వెళ్ళాడు. ఓటంటే ఏమిటో మొదట వాళ్ళకు చెప్పింది నేను. దాని మీద నమ్మకం లేకుండా చేసిందీ నేనే. నన్ను వాళ్ళు మోసం చేశారని ఏడ్చిన మనిషినే.

స్వప్న ఇక్కడే ఉంది. క్యాంపుల వైపు వెళ్ళడం మానేసింది. తనను వాళ్ళు మోసం చేశారనుకుంటుంది, వాళ్ళేమో ఆమె చేసిందనుకుంటున్నారు. ఇద్దరూ నన్ను నమ్ముతారు. మా అమ్మాయికి జ్వరమొస్తే ఆమే వచ్చి రాత్రంతా కూర్చుంటుంది. ఆమెకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. చెబుతానో లేదో తెలియదు. చెబుతానని మీకు మాటివ్వను, నా మాట విలువెంతో చూశారుగా.

క్షమించమని అడగడానికి మీరు స్వప్న కాదు. ఇన్నాళ్లూ ఆ మాట నా ఒక్కదానికే తెలుసు, ఇప్పుడు మీకూ తెలిసింది. స్వప్న ఏ తప్పూ చెయ్యలేదు. నరేశ్ కూడా చెయ్యలేదు. నేను చేశాను. ఈ మూడు ముక్కలూ రాశాక ఊపిరి ఆడుతోంది.