నడిరోడ్డు మీద దిష్టి గుమ్మడికాయ

మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో కాపురం పెట్టిన కొత్తలో కారు కొన్నాం. దిష్టి తియ్యమని ఫోన్‌లో మా అత్తగారు ఒకటే పోరు. "కూడలిలో పగలగొట్టి, వెనక్కి చూడకుండా వచ్చెయ్యండి బాబూ!" అన్నారు. తెల్లారగానే గుమ్మడికాయలో కుంకుమ పోసి, కూడలిలో పగలగొట్టి ఇంటికి బయల్దేరాను.

"భాయ్, రుకో!" అని వెనక నుంచి కేక. చూడకూడదుగా! నడక పెంచాను. ఒక ఒమానీ పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టుకున్నాడు. బలదియా, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, ఇన్‌స్పెక్టరు. రోడ్డు మీది ఎరుపు చూపించి, ఆ రక్తం ఎవరిదని హిందీలో గద్దించాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"గుమ్మడికాయండీ!" అని తెలుగులోనే అరిచాను.

అతను వంగి ఒక ముక్క వాసన చూశాడు. జరిమానా రాయలేదు గానీ, బండిలోంచి సంచి తెచ్చి నా చేతికిచ్చాడు. "ఏక్ ఏక్ టుక్డా ఉఠావ్."

మా దిష్టిని నేనే ఎత్తాలా! అయినా ఒక్కో ముక్కా ఏరి సంచిలో వేశాను. నీళ్లు తెచ్చి రోడ్డు కడిగేదాకా అతను కదల్లేదు.

విజయవాడలో ఎన్నో గుమ్మడికాయలు పగలగొట్టాను. వాటిని ఎత్తినవాళ్లను మాత్రం ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు.