అసలు దవడ

ఉదయం తొమ్మిదీ పదికి యూనివర్సిటీలో మా మానవశాస్త్రం సారు క్లాసులో బల్ల మీద తువ్వాలు పరిచేవారు. ఆఫ్రికాలో దొరికిన ఆదిమానవుడి దవడకు ప్లాస్టర్‌తో చేసిన నకలును రెండు చేతులతో తెచ్చి దాని మీద పెట్టేవారు.

“నకలే కద సార్, ఇంత జాగ్రత్తెందుకు?” అన్నాను ఒకరోజు.

“అసలుది పట్టుకునే రోజొస్తే చేతులకు అలవాటుండాలె కద, బిడ్డా.”

రిటైరయ్యే ఏడాది, అసలు దవడ ఉన్న మ్యూజియం నుంచి, వచ్చి దాన్ని పరిశీలించమని పిలుపు వచ్చింది. అప్పటికి ఆయన చేతులు వణుకుతున్నాయి.

“తోడు నేనొస్తా సార్.”

“నువ్వే పోయిరా. నా చేతులకెల్లి పడితే పగుల్తది.”

తిరిగొచ్చి క్యాంపస్ క్వార్టర్స్‌లో ఆయన్ను కలిశాను.

“ఎట్లున్నది?”

“నకలు కన్నా బరువు సార్. చల్లగున్నది.”

కళ్లు మూసుకుని, అరచేతులు చాపి విన్నారు. ఆ తర్వాత తార్నాక చౌరస్తాలో కనబడ్డా అదే అడిగేవారు, మొదటిసారి అడిగినట్టే.

ఆయన పోయాక నన్నెవరూ అడగడం లేదు.