జిగురు షీటు పడవ

వీరదుర్గ మొగల్తూరు దగ్గర చేపల వేటకెళ్లే ఇంట్లోనే పుట్టింది. అయినా ఆమెకు నీళ్లంటే భయం. చిన్నప్పుడు ఒకసారి ఆమె ఎక్కి ఉండగా నాన్న ముసలయ్య నావ తిరగబడింది. ఆయన ఆమె జుట్టు పట్టుకుని పైకి లాగాడు గానీ, నీటి అడుగున చూసిన ఆ చీకటి ఆమెను వదల్లేదు. రాజమండ్రిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగానికి చేరాక కూడా, రేవు దాటాల్సి వస్తే చుట్టూ తిరిగి వంతెన మీదుగా బస్సులోనే వెళ్లేది.

అలాంటి మనిషి పడవ చేయడానికి పూనుకుంది. వరదల్లో గోదావరి మధ్య లంక ఊళ్లవాళ్లు మెడలోతు నీళ్లలో పడవ కోసం ఎదురుచూడటం చూశాక ఆమెకు నిద్రపట్టలేదు. మడిచి గోడకు ఆనించి పెట్టుకునే పడవ ఇంటింటికీ ఉంటే బాగుండుననిపించింది. ముందు కాగితం పడవలాగే ప్లాస్టిక్ రేకును మడిచి చూసింది. మడతపడిన చోటల్లా తెల్లబడి చిట్లిపోయింది. దాంతో రేకును మడవడమే మానేసింది. ముక్కలుగా కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి సందు వదిలి, అన్నిటినీ ఒకవైపు జిగురున్న ఒకే మెత్తటి షీటు మీద అంటించింది. ఇక రేకు వంగక్కర్లేదు, సందుల్లో షీటే వంగుతుంది.

ధవళేశ్వరం కాలువలో ఇసుక మూటలు వేసి చూస్తే పడవ బాగానే తేలింది.

“మూటలు కదలవు కదమ్మా. మనిషి కూర్చుంటే గానీ తెలీదు,” అన్నారు ల్యాబ్ ప్రొఫెసర్ పార్థసారథి గారు.

“నేను కూర్చుంటానండి,” అన్నాడు, కూతురి పని చూడ్డానికొచ్చిన ముసలయ్య.

వీరదుర్గ అడ్డుపడింది. “వద్దు నాన్నా. అంటించింది నేను. పడవకు కట్టిన తాడు నువ్వు పట్టుకో.”

లైఫ్ జాకెట్ బిగించుకుని ఎక్కింది. కాళ్ల కింద రేకు మెత్తగా కదిలింది. కళ్లు మూసుకుంటే మళ్లీ ఆ చీకటే కనబడుతుందని, సందుల వంకే చూస్తూ కూర్చుంది. కాలువ మధ్యకొచ్చేసరికి ఒక మూల షీటు పొక్కులా లేచింది. చూస్తుండగానే పొక్కు పక్కకి పాకింది. చల్లటి నీళ్లు పాదాన్ని తాకాయి. గట్టు వైపు చెయ్యెత్తింది.

ముసలయ్య తాడు లాగాడు. గట్టు తగిలేసరికి నీళ్లు చీలమండల దాకా వచ్చాయి.

“భయపడ్డావా అమ్మా?”

“చచ్చిపోతాననుకున్నాను నాన్నా.”

ఆయన తాడు చుట్టుకుంటూ, “వేటకెళ్లిన ప్రతిరోజూ నాకూ అంతే,” అన్నాడు. ఆ మాట ఆయన నోట ఆమె అంతవరకూ వినలేదు.

ల్యాబ్‌కి తెచ్చి చూస్తే, ఊడిన చోట రేకు కోసినప్పటి పొడి మిగిలిపోయి ఉంది. శుభ్రంగా తుడిచి, ఈసారి లోపలా బయటా షీటు వేసింది. సందుల్లో రెండు షీట్లూ ఒకదానికొకటి గట్టిగా అంటుకున్నాయి. కాలువకు తీసుకెళ్లి మళ్లీ తనే ఎక్కింది. చుక్క నీరు రాలేదు, భయం మాత్రం పోలేదు. దిగి కాసేపు రేవు మెట్ల మీద కూర్చుంది.

“చాలామ్మా ఈ రోజుకి,” అన్నారు పార్థసారథి గారు.

“ఇంకొక్కసారి చూద్దామండి,” అంటూ లేచింది.