అమ్మకి ఒత్తు ఉంది

తూర్పు గోదావరి జిల్లాను ఇంకా ముక్కలు చేయని రోజులవి. రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో తెలుగు లెక్చరర్‌గా పనిచేస్తున్న నాకు, దసరా సెలవులు అయిపోగానే ఒక అదనపు బాధ్యత అప్పగించారు. ఒకటో తరగతి పిల్లలు వాచకంతో పాటు చదువుకోవడానికి చిన్న పాటల పుస్తకం ఒకటి తయారుచేయాలి. దానికి నేను కన్వీనర్‌ని. ఆ హోదాకి రెండే లక్షణాలు: టీ, బిస్కెట్లు తెప్పించే అధికారం, పని ఆలస్యమైతే మాట పడే అర్హత.

ఇలాంటి పుస్తకానికి ఒక క్రమం ఉంటుంది. రచయిత చిత్తుప్రతి ఇస్తాడు. భాషా నిపుణుడు దాన్ని సరిచేస్తాడు. ఆ తర్వాత ఏదో ఒక బడిలో పిల్లల చేత చదివించి చూస్తాం. దాన్ని ట్రైఅవుట్ అంటాం. అది నెగ్గితేనే అచ్చుకి సిఫార్సు. వీటన్నిటికీ పైన ఒక నియమం ఉంది. గుణింతాలు వచ్చి ఒత్తులు ఇంకా రాని పిల్లల కోసం కనుక, పుస్తకం మొత్తంలో ఒక్క ఒత్తు కూడా ఉండకూడదు. వినడానికి చిన్న నియమమే. తెలుగువాడి ఇల్లు ఒత్తుల మీదే నిలబడి ఉందన్న సంగతి రాయడానికి కూర్చున్నాక గానీ తెలియదు.

రచయితగా నేను పిలిచింది విశ్వేశ్వరరావు గారిని. ఆయన రామచంద్రపురం దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరి అక్కడే రిటైరయ్యారు. చేరిన కొత్తలో ఎంత ఈల ఊదినా పిల్లలు వరసలో నిలబడేవారు కాదట. విసుగొచ్చి, కాలువ దాటే బాతుల మీద నాలుగు చరణాలు కట్టి పాడించారు. పిల్లలు అడుగు కలిపి నడిచారు. అప్పటినుంచి ప్రతి కసరత్తుకీ ఒక పాట వచ్చింది. గుంజీళ్ళకి కూడా కట్టారు. శిక్ష పడనివాళ్ళు కూడా సరదాపడి గుంజీళ్ళు తీయడం మొదలుపెట్టేసరికి హెడ్మాస్టరు ఆ ఒక్క పాటనీ నిషేధించారు. క్రమంగా కథలూ రాసి, చిన్న చిన్న పుస్తకాలు వేసుకున్నారు. ఆ చుట్టుపక్కల పిల్లలందరికీ ఆయన పాటలు వచ్చు. రాసిందెవరో మాత్రం తెలియదు. స్టాఫ్ రూములో తెలుగు పండితులైతే "ఈల ఊదేవాడికి ఛందస్సేంటండీ" అని నవ్వేవారు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. "బడి పుస్తకంలో ఒక్క పాట పడితే చాలు మేడం గారూ" అని మొదటి రోజే నాతో అన్నారు.

మా భాషా నిపుణుడు సోమయాజులు గారు. ప్రాచ్య కళాశాలలో చాలాకాలం వ్యాకరణం చెప్పిన మనిషి. ఎర్ర పెన్ను జేబులో పెట్టుకోరు, చేతిలోనే ఉంటుంది.

విశ్వేశ్వరరావు గారు తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లతో వచ్చి మొదటి పాట చదివారు. అక్కతో మొదలై నెయ్యితో ముగిసే చక్కని పాట. కాగితం సోమయాజులు గారి చేతికి వెళ్ళి, ఆటలమ్మ పోసినట్టు ఎర్రగా తిరిగొచ్చింది.

"అక్క కుదరదండి. అన్న, తమ్ముడు, చెల్లి, ఎవరూ కుదరరు" అన్నారు సోమయాజులు గారు.

"పోనీ, అమ్మ?"

"అమ్మకి ఒత్తు ఉంది."

"నాన్నకి?"

"నాన్నకీ ఉంది."

విశ్వేశ్వరరావు గారు వేళ్ళ మీద చుట్టాలని లెక్కపెట్టారు. "మరి వదినకి లేదు కదండీ?"

"వదిన ఉండొచ్చు."

"అన్న లేకుండా వదిన ఎక్కణ్ణుంచి వస్తుందండీ?"

అది వ్యాకరణం పరిధిలోకి రాదన్నారు సోమయాజులు గారు. అలాగే అన్నం, పప్పు, నెయ్యి పోయి, పులస చేప మాత్రం నిలిచింది. అన్నం లేని ఇంట్లో పులస పులుసు కాగుతుందన్నమాట. "మీరు అదృష్టవంతులు సార్, సోమయాజులు అనే పేరులో ఒక్క ఒత్తూ లేదు. నేను ఈ పుస్తకంలో నా పేరే రాసుకోలేను" అన్నారు విశ్వేశ్వరరావు గారు.

కోపమొచ్చి మానేస్తారేమో అని నాకు భయం పట్టుకుంది. ఆయన మాత్రం లేచి నిలబడి, "ఆటలో రూలు రూలేనండి" అని వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా ఇది పట్టుకొచ్చారు:

మామ తోటకి పోయాడు
మామిడి కాయలు కోశాడు
వదిన వాటిని దాచింది
మేక వాటిని మేసింది
తాత మేకని అడిగాడు
మేక తలని ఊపింది

సోమయాజులు గారు భూతద్దం పెట్టి వెతికినా ఎర్ర పెన్నుకి పని దొరకలేదు. "నిర్దుష్టంగా ఉంది మేష్టారూ" అన్నారు, కొంచెం నిరాశగా.

ట్రైఅవుట్‌కి కడియం దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలకి ముగ్గురం వెళ్ళాం. తల్లిదండ్రులు ఎక్కువగా నర్సరీల్లో మొక్కల పనికి వెళ్ళేవాళ్ళు. పిల్లలు పాట గడగడా చదివారు. ఒక్కరూ తడబడలేదు. నేను నివేదికలో సంతృప్తికరం అని రాస్తుండగా ముందు వరసలో ఒక పాప లేచింది.

"మేడం గారండీ, వీళ్ళమ్మేదండీ?"

నేను నోరు తెరిచేలోపు సోమయాజులు గారు "ఊరెళ్ళిందమ్మా" అనేశారు. నియమం ప్రకారం అంతకంటే ఆయన చెప్పగలిగింది లేదు.

"మరి నాన్నండీ?"

"ఆయనా వెళ్ళాడు."

అంతే, తరగతి లేచింది. పిల్లల్ని ఇంట్లో వదిలేసి ఇద్దరూ ఊరెలా వెళ్తారండీ అని ఒకరు. వదిన గెంటేసుంటుందని ఇంకొకరు. కాయలు దాచిందంటేనే తెలియట్లేదా, మంచిది కాదని వెనక బెంచీ తీర్పు. కాసేపట్లో ఆ వదిన మీద పోలీసు కేసు దాకా వెళ్ళింది. వ్యాకరణ దోషం లేని పాట ఇంత గొడవ తేవడం సోమయాజులు గారు జీవితంలో చూసి ఉండరు. చెమట తుడుచుకుంటూ నిలబడ్డారు.

అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న కరుణ అనే అమ్మాయి, ఎవరూ అడక్కుండానే, "వాళ్ళమ్మ మస్కట్ వెళ్ళిందండి" అంది. "మా అమ్మా అక్కడే ఉంది. మా ఇంట్లో కూడా తాత, మామయ్య, మేక ఉన్నాయండి." ఆ పిల్ల ముఖంలో బాధ లేదు, గర్వం ఉంది. తన ఇంటి మీద ఎవరో పాట రాశారు మరి. "రోజూ ఫోన్ చేస్తదండి. ముందు మేకని చూపించమంటది."

గదిలో గొడవ ఆగింది. మేక పేరేంటని అందరూ కరుణ చుట్టూ చేరారు.

తిరిగి వస్తున్నప్పుడు ఆటోలో విశ్వేశ్వరరావు గారు నోట్లోనే తాళం వేసుకుంటూ కూర్చున్నారు. వేమగిరి దాటాక అన్నారు: "సార్, నాకు ఒక్క ఒత్తు కావాలండి."

"నియమం తెలుసుగా మేష్టారూ."

"తెలుసండి. రూలు వద్దని నేనొక్కనాడూ అనలేదు. కానీ అమ్మ కోసం ఇందాక మీరు రెండు అబద్ధాలాడారు. ఒత్తు ఒక్కటే కదండీ?"

సోమయాజులు గారు ఎర్ర పెన్నుకి మూత పెట్టారు. అక్షరమాలలో మొదటి అక్షరం పక్కనే అమ్మ బొమ్మ ఉంటుంది కనుక, పిల్లలు ఆ మాటని ఒత్తుగా కాక బొమ్మగా గుర్తుపడతారనీ, అలాంటి వాటిని బొమ్మమాటలుగా మినహాయించవచ్చనీ తేల్చారు. విశ్వేశ్వరరావు గారు అక్కడికక్కడే "అమ్మ ఫోనులో నవ్వింది" అని అందుకున్నారు.

"అమ్మకిచ్చాను, నవ్వుకివ్వను" అన్నారు సోమయాజులు గారు.

బేరం రాజమండ్రి దాకా సాగింది. దిగేసరికి రెండు పంక్తులు మిగిలాయి:

అమ్మ ఫోనులో పిలిచింది
మేకే ముందుగా పలికింది

"బాగుంది, కవిగారూ" అన్నారు సోమయాజులు గారు. ఇంకెవరైనా వచ్చారేమో అని విశ్వేశ్వరరావు గారు వెనక్కి తిరిగి చూశారు.

పుస్తకం ఆ రెండు పంక్తులతోనే అచ్చయింది. రచయిత పేరు చివరి పేజీలో, పెద్దల కోసం వేసిన చిన్న అక్షరాల్లో, ఒత్తులతో సహా పడింది.

పిల్లలు ఏం చదవగలరో నియమం చెప్పగలదు, చదివాక ఏం అడుగుతారో చెప్పలేదు. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది అదే. ఆ తర్వాత రిటైరయ్యే దాకా నా చేతి మీదుగా వెళ్ళిన ప్రతి ట్రైఅవుట్ నివేదికలోనూ, పిల్లలు ఎక్కడ తడబడ్డారన్న గడి పక్కన, ఏమేం అడిగారన్న గడి కూడా పెట్టించాను. మొదటి గడి చాలాసార్లు ఖాళీగా ఉండేది. రెండోదానికి ఎప్పుడూ కాగితం చాలలేదు.