మా సర్దాబ్‌లో ప్రపంచ కప్పు

మా హారిస్ బాబాయ్ పోయారు. శుక్రవారం పొద్దున, ఇక్కడ మాకు సెలవు రోజు అదే, నేను చర్చికి బయలుదేరుతుంటే రాయచోటి నుంచి ఆయన చిన్న కూతురు వాయిస్ మెసేజ్ పంపింది. "సిస్టరక్కా, నాయన పోయినాడక్కా. బువ్వ తిని పండుకున్నోడు మళ్లా లేయలేదు. బిల్డింగులో అందురికీ చెప్పక్కా." చెప్పడానికి మెట్లెక్కాను. మూడో అంతస్తులో ఒకరితో, నాలుగో అంతస్తులో ఇద్దరితో కలిసి ఏడ్చి, ఆ రోజు చర్చికి వెళ్లనేలేదు.

కువైట్‌లో బిల్డింగ్ కాపలా చూసే మనిషిని హారిస్ అంటారు. ఎగైలాలో మేముండే బిల్డింగుకు ఆయన హారిస్. పోయిన ఏడు ఊరికి వెళ్లిపోయేదాకా మెట్లు కడగడం, నీళ్ల మోటారు వెయ్యడం, తెల్లారేసరికి అందరి కార్ల మీదా దుమ్ము తుడవడం ఆయన పనులు. తాళంచెవి లోపల వదిలేసి తలుపు లాక్కునే మతిమరుపు మనుషుల్ని ఇంట్లోకి చేర్చడం కూడా ఆయన పనే. నా కోసం ఆ పని ఎన్నిసార్లు చేశారో అడక్కండి. ఒక్కసారీ విసుక్కోలేదు. "తలకాయ ఒగటి మెడకాయ మింద ఉండాది కాబట్టి సరిపాయ, లేకుంటే దాన్నీ లోపలే పెట్టి వచ్చేదానివి" అని మాత్రం ప్రతిసారీ అనేవారు.

ఆయనది అన్నమయ్య జిల్లా, నాది కోనసీమ. నేను పక్క వీధిలో పళ్ల డాక్టరు దగ్గర నర్సుని. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన సిస్టరమ్మా అనేవారు. మా ఇద్దరికీ ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఒక్కటే, బంతి గుండ్రంగా ఉంటుందని. అలాంటి మమ్మల్ని అందులోకి దించింది నా రూమ్మేట్. ఆమెది ఫిలిప్పీన్స్, సెలూన్‌లో పని.

2023లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఆడవాళ్ల ప్రపంచ కప్పు జరిగింది. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు మొదటిసారి ఆడుతున్నారు. అక్కడ సాయంత్రమయ్యే వేళకు మాకు పొద్దున. మా ఫ్లాట్‌లో నెట్ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది, బంతిని తన్నిన కాలు కనిపించేది గానీ బంతి ఎటు పోయిందో కనిపించేది కాదు. నా రూమ్మేట్ ఫోన్ పట్టుకుని మెట్ల మీద ఏడుపు మొహంతో కూర్చుంటే బాబాయ్ చూశారు. సంగతేంటని నన్నడిగారు. చెప్పాను.

"వాళ్ల దేశం పిల్లోళ్లు ఆడతాంటే సూడకపోతే ఎట్ల," అన్నారు.

ఎవరో ఖాళీ చేసి వెళ్తూ వదిలేసిన పెద్ద టీవీ ఆయన గదిలో ఉంది. ఆ మ్యాచుల చానెల్ దాంట్లో ఎలా వచ్చేదో నేనెప్పుడూ అడగలేదు, మీరూ అడక్కండి. ఆయన గదిలోకి ఆడవాళ్లు వెళ్లి కూర్చుంటే చూసినవాళ్లు నాలుగు మాటలంటారు. అందుకని ఆయన టీవీని బయటికి మోసుకొచ్చి, సర్దాబ్‌లో స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబెట్టారు. సర్దాబ్ అంటే బిల్డింగ్ అడుగున కార్లు పెట్టుకునే చోటు. కువైట్ ఎండాకాలంలో ఊరికే దొరికే నీడ అదొక్కటే.

అలా మొదలైంది. రెండో మ్యాచికే మా గుంపు పెరిగింది. పై ఇళ్లలో పనిచేసే అమ్మాయిలు మామాకి, అంటే ఇంటి యజమానురాలికి, చెత్త పారేసి వస్తామని చెప్పి కిందికి దిగేవారు. పాపం చిన్న సంచి, ఒక్క చేత్తో విసిరెయ్యగలిగేది, దాన్ని పారెయ్యడానికి పావుగంట పట్టేది. ఒకమ్మాయైతే అదే సంచిని పైకి తీసుకెళ్లి మళ్లీ తెచ్చింది.

బాబాయ్ మొదట్లో మాకు టీవీ పెట్టేసి తన పని తాను చూసుకునేవారు. ఆయన్ని ఆపింది ఒక్క మాట. అరబ్బీలో కామెంటరీ నడుస్తోంది. ఆయన చీపురు పట్టుకుని అటుగా పోతూ ఠక్కున నిలబడ్డారు.

"హారిసా అంటాండాడే? ఎవురిని?"

గోల్‌కీపర్‌ని అరబ్బీలో హారిస్ అనే అంటారనీ, ఆడమనిషి కాబట్టి హారిసా అంటున్నారనీ మూడో అంతస్తు కడప అమ్మాయి చెప్పింది. బాబాయ్ చీపురు గోడకు ఆనించారు. గోలు ముందు నిలబడ్డ ఆ అమ్మాయిని చాలాసేపు చూశారు.

"అందురూ ఒక రంగు గుడ్డలేసుకున్యారు, ఈ యమ్మది వేరే రంగు. కఫీల్ వేరే ఏమో?"

మాకు నవ్వాగలేదు. కఫీల్ అంటే ఇక్కడ మనల్ని పనిలో పెట్టుకుని, మన కాగితాలన్నీ తన చేతిలో ఉంచుకునే యజమాని. ఒకే చోట పనిచేస్తున్నా ఒక్కొక్కరి కఫీల్ ఒక్కొక్కరు కావడం మాకు మామూలే, కాబట్టి ఆయన అనుమానంలో తప్పేమీ లేదు. మిగతావాళ్లు చేత్తో ముట్టుకుంటే తప్పు, ఈమె ముట్టుకోవచ్చని చెబితే, "అయితే ఆయమ్మ ఇఖామాలోనే రాసుంటారు" అని తేల్చేశారు. ఇఖామా అంటే మేం ఇక్కడ ఉండి పనిచెయ్యడానికి ఇచ్చే అనుమతి. ఆ తర్వాత ఎవరెంత విడమరిచి చెప్పినా ఆయన ఫుట్‌బాల్‌లో హారిసా కఫీల్ వేరే, అంతే.

ఆ రోజు నుంచి ఆయన మాకంటే పెద్ద అభిమాని అయిపోయారు. కాకపోతే ఆయన చూసేది ఒక్క హారిసానే. ఏ దేశమైనా సరే. బంతి అటు చివరికి పోతే మేం ముందుకు వంగేవాళ్లం, ఆయన గొణగడం మొదలుపెట్టేవారు.

"బంతి ఆడుంటే ఈడ ఈ యమ్మ ఏం చేస్తాందో సూపీరు. దొంగోడు వస్తేనే హారిస్ కనపడేది. రాకపోతే ఉండాడో సచ్చినాడో ఎవురికి కావల్ల?"

నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ మాట తగిలింది. అప్పటిదాకా రోజూ ఆయన ముందు నుంచే వెళ్లి, తాళంచెవి పోయినప్పుడు మాత్రమే ఆయన్ని వెతుక్కునేదాన్ని. మర్నాటి నుంచి క్లినిక్‌కి వెళ్తూ ఆగి పలకరించడం అలవాటు చేసుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియక మొదటిరోజు "ఈ రోజు ఎవరెవరు బాబాయ్?" అని మ్యాచి గురించే అడిగాను. ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది.

న్యూజిలాండ్‌ని వాళ్ల సొంత గడ్డ మీద ఫిలిప్పీన్స్ ఓడించిన పొద్దున మా సర్దాబ్ దద్దరిల్లిపోయింది. నా రూమ్మేట్ బాబాయ్ చేతులు పట్టుకుని గిరగిరా తిప్పింది. పైన ఎవరికో నిద్ర చెడింది. బిల్డింగ్ ఓనరుకి ఫోన్ వెళ్లింది. ఓనరు పెద్దాయన కువైటీ. మేమంతా బాబా అంటాం, మా బాబాయ్‌కి కఫీల్ కూడా ఆయనే. సాయంత్రం వచ్చి బాబాయ్‌ని నిలబెట్టి అడిగారు. గోల్ పడినప్పుడు గోల కాకుండా ఎలా ఉంటుందని బాబాయ్ తెలుగులో మాతో అనగలరు గానీ ఆయనతో అరబ్బీలో ఎలా అంటారు? తల వంచుకుని నిలబడ్డారు. సర్దాబ్‌లో ఇంకోసారి జనం కనబడితే ఖలాస్, టికెట్ తీసి ఇంటికి పంపిస్తానని చెప్పి బాబా వెళ్లిపోయారు.

అది ఉత్త బెదిరింపని కొట్టిపారెయ్యడానికి లేదు. బాబాయ్‌కి అరవై దాటాయి. ఆ వయసులో, చదువు కాగితం ఏదీ లేని మనిషికి ఇఖామా ఇంకో కఫీల్ దగ్గరికి మార్చుకోవడం ఎంత కష్టమో ఇక్కడ ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చిన్న కూతురి డిగ్రీ ఇంకా పూర్తి కాలేదు. మేమంతా కూడబలుక్కుని నన్ను రాయబారానికి పంపారు.

"ఇక చాలు బాబాయ్. టీవీ లోపల పెట్టేయండి. మేం ఫోన్లలో చూసుకుంటాం."

"ఫోన్‌లో హారిసా నా గోరంత కూడా కనపడదు."

"మీ ఉద్యోగం పోతుందండీ."

"గేటు కాడ నేనుండేది ఏంటికి? మీరు సూడండి. సప్పుడు సేయాకండి, అంతే."

అప్పటికి మా బిల్డింగంతా మొరాకో వైపు తిరిగింది. వాళ్లకీ అదే మొదటి ప్రపంచ కప్పు. అరబ్బు దేశాల్లోంచి అంతదాకా వచ్చిన మొదటి ఆడవాళ్ల జట్టు కూడా వాళ్లే. ఫిలిప్పీన్స్ గెలుపుకు ముందురోజే, మొరాకో మొదటి మ్యాచిలో జర్మనీ వాళ్ల మీద ఆరు గోల్స్ కొట్టింది. మేం ముగ్గురు నలుగురం మధ్యలోనే లేచిపోయాం. బాబాయ్ కదల్లేదు. అయిపోయాక నాతో అన్నారు, "ఆరుమంది లోపలికి జొరబడినారు సిస్టరమ్మా. అయినా ఆ యమ్మ గేటు ఇడ్సలేదు. ఏడోవాడు వస్తాడేమోనని సూస్తా నిలబడింది."

కొరియాతో మ్యాచి మేం చూసిన తీరు చూస్తే ఎవరైనా పిచ్చివాళ్లనుకునేవారు. టీవీకి శబ్దం లేదు, మాకూ లేదు. మొరాకో గోల్ వేసినప్పుడు అందరం చున్నీలు నోట్లో కుక్కుకుని ఎగిరాం. ఆ సగం ఎగురుడులో ఒకమ్మాయి చెత్త సంచి మీద పడింది. మొరాకో హారిసా ఆ రోజు ఒక్క గోల్ కూడా పోనివ్వలేదు. బాబాయ్ ఒంటరిగా, చప్పుడు కాకుండా, చాలాసేపు చప్పట్లు కొట్టారు.

ఇక కొలంబియాతో మ్యాచి. నాకు మధ్యాహ్నం క్లినిక్ విరామం. బాబా దేశంలో లేరని ఎవరో చెప్పారు, అందుకని కాస్త ధైర్యంగానే కూర్చున్నాం. మొరాకో ఒక్క గోల్‌తో గెలిచింది. అయినా పని కాలేదు. అదే సమయంలో ఇంకోచోట జర్మనీ, కొరియా ఆడుతున్నాయి, ఇంకా అవ్వలేదు, చెరో గోల్ మీద ఉన్నాయి. జర్మనీ ఇంకొక్కటి వేస్తే మొరాకో ఇంటికి పోవాలి. టీవీలో మొరాకో అమ్మాయిలు మైదానం మధ్యలో ఒక ఫోన్ చుట్టూ గుంపుగా వంగి నిలబడ్డారు. మేం కూడా ఆ రెండో మ్యాచి నా రూమ్మేట్ ఫోన్‌లో పెట్టాం. సర్దాబ్‌లో సిగ్నల్ దొరికేది కార్లు దిగే ఏటవాలు దారి అడుగున మాత్రమే. అందరం వెళ్లి అక్కడ ఫోన్ చుట్టూ మూగాం, దారికి అడ్డంగా.

బాబాయ్ మా వెనక రాలేదు. మమ్మల్ని దాటుకుని పైకి వెళ్లి, ఆ దారి వీధిలో కలిసే చోట నిలబడ్డారు, కార్లేమైనా వస్తే ఆపడానికి. ఒక కారు వచ్చింది. తెల్ల జీపు. బాబాది.

హారన్ కొట్టారు. బాబాయ్ రెండు చేతులూ చాపి దారి మధ్యలోకి జరిగారు.

"దగీగా, బాబా. దగీగా," అన్నారు. ఒక్క నిమిషం అని.

ఇదంతా ఎవరు ఒప్పుకుంటే జరుగుతోందని బాబా గట్టిగా అరిచారు. మాకందరికీ వినబడింది. బాబాయ్ చేతులు దించకుండానే జవాబు చెప్పారు.

"అన హారిస్, బాబా."

నేనే హారిస్‌ని అని. ఈయన ఉద్యోగం మేం తినేశాం అనుకున్నాను. బాబా జీపు దిగి, ఆయన పక్క నుంచి మా దగ్గరికి నడిచి వచ్చారు. కడప అమ్మాయి, చేతిలో చెత్త సంచితోనే, "బాబా, మగ్రిబ్" అంది. మగ్రిబ్ అంటే మొరాకో. రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. బాబా దూరంగా ఉన్న టీవీ వైపు చూశారు, ఫోన్ మీదికి వంగిన ఆ అమ్మాయిల్ని చూశారు, ఫోన్ మీదికి వంగిన మమ్మల్ని చూశారు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, నా రూమ్మేట్ చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. మేం ఆయన చుట్టూ మూగాం. ఎంతకీ అవ్వని మ్యాచి అది.

విజిల్ పడింది. జర్మనీ వెయ్యలేదు. టీవీలో అమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. మేమూ అంతే. గెలిచింది మేమే అన్నట్టు బాబా మాకు "మబ్రూక్" అని అభినందనలు చెప్పారు. ఫోన్ తిరిగిచ్చి, "ఖలాస్" అన్నారు. నీ పని అయిపోయిందని చెప్పడానికీ ఆ మాటే, గొడవ అయిపోయిందని చెప్పడానికీ ఆ మాటే. ఏదో తెలియక అందరం ఆయన మొహం చూశాం. ఆయన టీవీ దాకా వెళ్లి, కింద కుర్చీని కదిపి చూసి, ఇది విరుగుతుంది, బల్ల తెచ్చుకోండి అన్నారు.

ఆ మాట మోసుకుని నేను పైకి పరుగెత్తాను. ఆగస్టు ఎండ. జీపు వెనక ఇంకో రెండు కార్లు చేరి హారన్లు కొడుతున్నాయి. బాబాయ్ మాకు వీపు పెట్టి, చేతులు చాపి అలాగే నిలబడి ఉన్నారు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. నా అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే అడిగారు.

"ఏమాయ సిస్టరమ్మా? హారిసా ఏం చేస్తాంది?"