చెకింగాయన ఇంటి కిటికీలు

ముప్పై రెండేళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు ఆయన. ఉద్యోగమైతే అయిపోయింది గానీ అనుమానం పోలేదు. అనుమానం పెనుభూతమంటారు, ఈయన దాన్ని కన్నబిడ్డలా సాకాడు. పాలు చిక్కగా ఉంటే ఏం కలిపావంటాడు, పల్చగా ఉంటే ఎన్ని నీళ్లు పోశావంటాడు. పోనీ మెల్లగా అడుగుతాడా అంటే, కదిలే బస్సులో వెనక సీటు దాకా వినిపించిన గొంతది. వీధిలో అందరికీ ఆయన చెకింగాయనే.

అలాంటి ఇంటికి కొత్త కిటికీలు, తలుపులు అమ్మే కుర్రాడొకడు వచ్చిపడ్డాడు, పాపం. ఆ ఇంట్లో చెక్క కిటికీలు ఉబ్బిపోయి, ఎంత నొక్కినా సరిగ్గా పడవు. ఎండాకాలం ఏసీ చల్లదనం, చలికాలం హీటర్ వేడి ఆ సందుల్లోంచే పోతున్నాయి. కుర్రాడు మూసిన కిటికీ అంచున కొవ్వొత్తి పట్టుకున్నాడు. మంట పక్కకు వాలింది.

"నువ్వు ఊదావు," అన్నాడు చెకింగాయన.

"లేదు సార్."

"అయితే ఊపిరి బిగబట్టి పట్టుకో."

కుర్రాడు బుగ్గలు పూరించి నిలబడ్డాడు. మంట వాలుతూనే ఉంది. చెకింగాయన కొవ్వొత్తి లాక్కుని తానే పట్టుకున్నాడు. అయినా అంతే. చేసేదిలేక సంచిలోని నమూనా చూపించమన్నాడు. రెండు అద్దాలు, మధ్యలో సందు, చుట్టూ రబ్బరు అంచు.

"ఈ మధ్యలో ఏముంది?"

"గాలి సార్. అది కదలకుండా ఉంటే వేడిని ఆపుతుంది. కరెంటు ఖర్చు తగ్గుతుంది."

"అంటే నాకు గాలి అమ్ముతున్నావు."

గుమ్మంలో నిలబడి వింటున్న ఆయన భార్య అప్పుడు అడిగింది. "బాబూ, లోపలి మాటలు బయటికి వినపడతాయా?"

"చాలావరకు ఆగిపోతాయమ్మా."

"అయితే ఇవే పెట్టించుకుందాం."

చెకింగాయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. చీర కొనాలంటే నాలుగు దుకాణాలు తిరిగే మనిషి ఒక్క మాటతో ఒప్పుకుందా? రేపు చెబుతానని కుర్రాణ్ని పంపేసి, నేరుగా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"కరెంటు సంగతి అడగలేదు, గ్యారంటీ అడగలేదు. మాట బయటికి పోకూడదన్నావు. అంత రహస్యంగా ఏం మాట్లాడాలి? ఎవరితో?"

ఆమె స్టవ్ కట్టేసింది. "నా మాటలు కాదండీ. మీవి."

"నావా?"

"నిన్న బీరువా తాళం ఎవరికిచ్చావని అరగంట అడిగారు. సాయంత్రం ఎదురింటావిడ మెట్ల మీద ఆపి, తాళం దొరికిందా అక్కా అంది. జాలిగా అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. మీ చొక్కా జేబులోనే ఉందని చెప్పలేకపోయాను."

ఆయనకు సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. టికెట్ లేనివాళ్లు నలుగురిలో తలదించుకుంటే చూడ్డం ఆయనకు అలవాటే. ఇంట్లో ఒక మనిషి ఏ తప్పూ లేకుండా వీధిలో తలదించుకుని తిరుగుతోందని మాత్రం కనిపెట్టలేకపోయాడు.

"ఇకమీదట మెల్లగా మాట్లాడతాలే," అన్నాడు చివరికి, నిజంగానే మెల్లగా. "దానికోసం కిటికీలెందుకు?"

ఆమె మళ్లీ స్టవ్ వెలిగించింది.

"ముందు కిటికీలు పెట్టించండి," అంది.