గోడ మీద ఆరు పేర్లు

పోయిన నెల ఒక ఆదివారం మా అల్లుడూ, నా కొడుకూ టీవీ ముందు కూర్చుని గొంతులు చించుకుంటుంటే, వంటింట్లో ఉన్న మా ఆవిడ ఆస్తి తగాదా ఏమోనని గరిటె చేత్తోనే పట్టుకుని బయటికి వచ్చింది. తీరా చూస్తే క్రికెట్ ఆటగాళ్ళ వేలం. ఫలానావాణ్ణి ఎందుకు వదులుకున్నారు, ఇంకొకడికి అన్ని కోట్లు ఎందుకు పోశారు, ఒప్పందంలో ఇంకా రెండేళ్ళు మిగిలున్నవాణ్ణి వేరే జట్టుకు ఎలా ఇచ్చేస్తారు, అసలు జట్టును మళ్ళీ పునాదినుంచి కట్టుకోవాలంటే ముసలివాళ్ళందరినీ ఇంటికి పంపాల్సిందేనని వాళ్ళ గొడవ. ముసలివాళ్ళంటే ఎంత వయసు నాయనా అని అడిగితే ముప్పై నాలుగు అన్నారు. నేను ఉద్యోగంలోంచి దిగిపోయి రెండేళ్ళయింది కాబట్టి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఊరుకున్నాను. కానీ ఆ మాటలేవీ నాకు కొత్త కావు. ఇంతకంటే పెద్ద గొంతుతో, ఇంతకంటే తక్కువ బుద్ధితో అవే మాటలు నేనూ మాట్లాడినవాణ్ణే.

తొంభైల నడుమ మాట. మా వైపు వాలీబాల్ అంటే ఎంత పిచ్చిగా ఉండేదో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎండాకాలం వచ్చిందంటే హిందూపురంలోనో ధర్మవరంలోనో పందెం ఆటలు పెట్టేవారు, మా పెనుకొండ జట్టు బస్సెక్కి వెళ్ళేది, జట్టు వెనక మేమంతా వెళ్ళేవాళ్ళం. హిందూపురం వాళ్ళకు మిల్లులున్నాయి, మంచి ఆటగాడు కనబడితే పిలిచి పని ఇప్పించేవారు. కన్నడ దేశం పక్కనే కాబట్టి ఆ గడ్డనుంచి కూడా ఎత్తుకొచ్చేవారు. ధర్మవరం వాళ్ళకు మగ్గాలున్నాయి, ఆటగాడి ఇంటికి పట్టుచీర పంపి మాట పుచ్చుకునేవారు. మా పెనుకొండ వాళ్ళకున్నది కొండా, కోటా, నోరూ.

ఆ నోటికి నిలయం బస్టాండు దగ్గర టీ బంకు ముందున్న బెంచీ. సాయంత్రం ఆఫీసునుంచి నేనూ, బడినుంచి డ్రిల్లు మాస్టారూ, ఉత్తరాలు పంచడం ముగించుకుని పోస్టుమ్యానూ అక్కడికి చేరేవాళ్ళం. టీ బంకాయన టీ వడగడుతూనే మాలో నాలుగోవాడు. నలుగురిలోనూ ఆడేవాడు ఒక్కడూ లేడు. డ్రిల్లు మాస్టారు ఒకప్పుడు ఆడానని చెప్పేవాడుగానీ చూసినవాళ్ళు లేరు. అయినా ఎవడు నెట్టు దగ్గర ఉండాలి, ఎవడు వెనక నిలబడాలి, ఎవణ్ణి ఎక్కడినుంచి తేవాలి అన్నది తేల్చేది మేమే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కప్పు గెలిస్తే ఎవరింట్లో పెట్టాలన్న దాని మీద కూడా ఒక ఎండాకాలమంతా వాదించుకున్నాం. ఏటా ఆటలకు నెల ముందు ఆరుగురి పేర్లు తెల్లకాగితం మీద రాసి టీ బంకు గోడకు అంటించడం ఊరి ఆనవాయితీ. నా చేతిరాత బాగుంటుందని ఆ పని నాది. ఆఫీసులో ఎన్ని ఫైళ్ళు రాసినా రాని గర్వం ఆ ఒక్క కాగితం రాసినప్పుడు వచ్చేది.

ఆ కాగితం మీద పన్నెండేళ్ళుగా మొదటి పేరు మా అన్నది. అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద, సైకిల్ షాపు నడిపేవాడు. నాయన పోయాక నన్ను చదివించింది ఆ షాపే. పొడగరి. బంతి పైకి లేచిందంటే అన్న చెయ్యి దానికోసం ముందే అక్కడ ఉండేది, కొడితే అవతలివాళ్ళు తలలు కాపాడుకునేవారు. ఊళ్ళో నన్ను ఫలానావాడి తమ్ముడనే పిలిచేవారు, దానికి నేను పొంగిపోయేవాణ్ణి. అయితే చివరి రెండేళ్ళలో అన్న కుడి భుజం పట్టేసేది. కొట్టిన బంతి నెట్టుకు తగిలి ఇవతలే పడేది. ముందటేడు ధర్మవరంలో అలా తొమ్మిది బంతులు పోయాయి. ఎవరూ లెక్కపెట్టలేదు, తమ్ముణ్ణి కాబట్టి నేను లెక్కపెట్టాను.

అటువంటి సమయంలో డ్రిల్లు మాస్టారు ఎన్నికల డ్యూటీకని సోమందేపల్లి దాటి మూడు మైళ్ళు లోపలున్న ఒక పల్లెకు వెళ్ళి, అక్కడ గొర్రెలు మేపుకునే పిల్లవాడొకడు పంచె ఎగ్గట్టి, చెప్పులు లేకుండా, రెండు కర్రల నడుమ కట్టిన తాడు మీదుగా బంతి కొడుతుంటే చూసి వచ్చాడు. పిల్లవాడంటే ఇరవై ఏళ్ళవాడే. మాస్టారు ఆ రోజు టీ కూడా తాగలేదు. వాడు గాలిలో ఆగుతాడు, దిగడానికి తొందరపడడు అని చెప్పి చెప్పి మా ప్రాణం తీశాడు.

మరుసటి ఆదివారం నలుగురం బయలుదేరాం. వెళ్ళేసరికి మాకంటే ముందే రెండు ఊళ్ళ వాళ్ళూ వచ్చిపోయారని తెలిసింది. ఆ పిల్లవాడికి తల్లీతండ్రీ లేరు, ఉన్నదల్లా ఒక అవ్వ, నలభై గొర్రెలు. ధర్మవరం వాళ్ళు పట్టుచీర తెచ్చి పెడితే, ముండ్లకంపల్లో తిరిగేదానికి పట్టుచీరెందుకని అవ్వ తిప్పి పంపిందట. హిందూపురం వాళ్ళు మిల్లులో పని, నెల నెలా దుడ్లు అంటే, వాడు మిల్లుకు పోతే గొర్రెలు కూడా మిల్లుకు వస్తాయా అని అడిగిందట. ఇక మా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. ఏం కావాలవ్వా అని అడగడం తప్ప మాకు దారి లేకపోయింది. అవ్వ మమ్మల్ని కాళ్ళనుంచి తల దాకా చూసింది.

"వాడు ఆడ ఆడతాంటే గొర్రెలు ఈడ ఉంటాయి కదప్పా. నాకా మోకాళ్ళు లేవు. ఆట దినాలు మీరొచ్చి మేపుతారా?"

మేపుతామన్నాం. ఏమీ ఆలోచించకుండా, నలుగురం ఒకే గొంతుతో అన్నాం. అవ్వ వక్కాకు తెప్పించి మాస్టారి చేతిలో పెట్టింది, ఒప్పందం కుదిరింది. తిరిగొచ్చే దారిలో హిందూపురం మిల్లులనూ ధర్మవరం పట్టునూ మాటతో గెలిచామని మేము మురిసిన మురుపు అంతా ఇంతా కాదు.

అయితే ఆరుగురు ఉన్న జట్టులోకి ఏడోవాడు వచ్చాడంటే ఒకడు పోవాలి. వచ్చినవాడు నెట్టు దగ్గర కొట్టేవాడు, కాబట్టి పోవాల్సినవాడు ఎవరో బెంచీ మీద అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. టీ బంకాయన అన్నను ఉంచాలన్నాడు, అన్న చేతి దెబ్బ చూడకపోతే తనకు ఎండాకాలం ఎండాకాలంలా ఉండదట. మాస్టారు తీసేయాలన్నాడు. పోస్టుమ్యాను ఎటూ తేల్చక చివరికి నావైపు చూశాడు. పోనీ ఆట బయట కూర్చోబెడదామా అని టీ బంకాయన అంటే, పన్నెండేళ్ళు ఆడినవాణ్ణి అలా కూర్చోబెట్టడం ఇంకా అవమానమని మాస్టారు అన్నాడు. నేను తొమ్మిది బంతుల లెక్క చెప్పాను. జట్టు ముఖ్యం, మనిషి కాదు అని ఏదో పెద్ద మాట కూడా అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సొంత అన్న అని చూడకుండా న్యాయం చెప్పాడని అందరూ అనుకోవాలని నాకు లోపల ఉంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక అన్నా నేనూ పక్కపక్కనే కూర్చుని సంగటి తిన్నాం. అన్న ఆ రోజు షాపులో జరిగిన ఏదో తమాషా చెప్పాడు, నేను నవ్వాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. వదిన ఉంది, అమ్మ ఉంది, రేపు చెబుదాం అనుకున్నాను. పొద్దున్నే లేచి కాగితం రాసి గోడకు అంటించి, ఎందుకో ఆఫీసుకు గంట ముందే వెళ్ళి కూర్చున్నాను.

అన్న రోజూ షాపు తీసేముందు అక్కడే టీ తాగేవాడు. ఆ రోజూ వెళ్ళాడు. గోడ వైపు చూశాడట, మళ్ళీ మొదటినుంచి చదివాడట, టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగే తొట్టిలో వేసి, షాపుకు వెళ్ళిపోయాడట. ఇదంతా టీ బంకాయన నాకు చెప్పాడు, చెబుతూ నా ముఖం చూడలేదు. ఇంట్లో అన్న నా మీద కోప్పడనూ లేదు, నాతో మాట్లాడనూ లేదు. వదిన మాత్రం ఒకరోజు నీళ్ళు తోడుతూ అడిగేసింది.

"మీ అన్న టీ తాగేకి పొయ్యి గోడ మీద చూసుకోవల్లనా? నీకు నోరు లేదా?"

నెల తిరిగింది. హిందూపురంలో మూడు రోజుల ఆటలు. మొదటి రోజు మేపే వంతు పోస్టుమ్యానుది, టీ బంకాయనది. ఇద్దరూ గొర్రెలను తోలుకుపోయి ఒక తుమ్మచెట్టు కింద కూర్చుని, ధర్మవరం జట్టులో ఎవణ్ణి ఎవడు ఆపాలి అని వాదనలో పడ్డారు. గొర్రెలకు వాలీబాల్ తెలియదు కాబట్టి అవి నేరుగా పక్కనున్న మల్బరీ తోటలోకి వెళ్ళాయి. పట్టుపురుగుల కోసం ప్రాణంలా పెంచుకున్న ఆకు. ఆ రైతు వీళ్ళిద్దరినీ సాయంత్రం దాకా కూర్చోబెట్టి తిట్టిన తిట్లు మళ్ళీ తిట్టకుండా తిట్టాడట. రెండో రోజు మాస్టారు వంతు. ఆయన ఈల వేసి డ్రిల్లు చేయించబోతే మంద బెదిరి నాలుగు దిక్కులకూ పోయింది, లేని మోకాళ్ళతో అవ్వే పోయి వెతికి తెచ్చుకుంది. ఇక్కడ మా పిల్లవాడేమో రెండు రోజులూ ఆకాశంలోనే ఉన్నాడు, జట్టు ఫైనలుకు వచ్చింది. అక్కడ అవ్వ, రేపు మేపేది తెలిసినవాడు రాకపోతే పిల్లోణ్ణి పంపేది లేదని కబురు పెట్టింది.

మూడో రోజు వంతు నాది. నాకు గొర్రె ముందేదో వెనకేదో కూడా సరిగ్గా తెలియదు. రెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చి, అమ్మతో చెబుతున్నట్టు, పక్క గదిలో అన్న ఉన్నాడని తెలిసే ఈ గోలంతా చెప్పుకున్నాను. రేపు వాడు రాకపోతే మన ఊరు అయిదుగురితో నిలబడాలమ్మా అన్నాను. అన్నను అడగాలని కాదు, అడిగే ముఖం నాకెక్కడిది. పొద్దున లేచి నేను ఆ పల్లెకు బయలుదేరబోతుంటే, గొర్రెల సంగతి చూసుకునేవాళ్ళున్నారట, నిన్ను హిందూపురం పొమ్మన్నారని అమ్మ చెప్పింది. ఎవరు అంటే మాట దాటేసింది. వాకిట్లో అన్న సైకిలు లేదు. షాపుకు వెళ్ళాడనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను అనడం నిజం.

పిల్లవాడు వచ్చాడు, ఆడాడు, గెలిచాం. ఆ ఫైనలు గురించి ఇంకా రాయాలనుంటుందిగానీ నా చెయ్యి అటు పోదు. పొద్దు వాలే వేళకు పిల్లవాణ్ణి దింపడానికి కప్పుతో సహా ఆ పల్లెకు వెళ్ళాం. గొర్రెలు దొడ్డికి తిరిగొస్తున్నాయి, దుమ్ములో వాటి వెనక భుజాన కర్ర వేసుకుని పొడుగాటి మనిషి నడిచి వస్తున్నాడు. చిన్నప్పుడు తాత దగ్గర ఉండి అన్న రెండేళ్ళు గొర్రెలు కాశాడన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. నలభై గొర్రెలూ కడుపునిండా మేసి ఉన్నాయి. మాస్టారూ వాళ్ళూ తల వంచుకున్నారు. అన్న మాత్రం నేరుగా పిల్లవాడి దగ్గరికి వెళ్ళి, మొదటి పాయింటునుంచి చివరిదాకా చెప్పించుకున్నాడు. ఆఖరి బంతి లైను మీద కొట్టినావా, అడ్డంగా కొట్టినావా అని అడిగాడు. వాడు అడ్డంగా అంటే, అదీ అని వాడి వీపు తట్టాడు.

ఆ తర్వాత ఇద్దరమే సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాకా వచ్చాం. నాకు ఏడుపు వచ్చింది. నెలరోజుల తర్వాత అన్న నాతో మాట్లాడిన మొదటి మాటలు ఇవి.

"పేరు తీసినందుకు కాదురా. నా భుజం నాకు తెల్దా, నేనైనా తీసేసేవాణ్ణి. ముందు దినం పక్కనే కూచోని సంగటి తింటిమి కదా. అప్పుడొక మాట చెప్పింటే సరిపోయేది."

మరుసటి ఏడు అవ్వ పూర్తిగా మంచాన పడింది. గొర్రెలు అమ్మేశారు. ఇక పిల్లవాడికి మిల్లు తప్ప దారి లేదు. ఊరంతా ద్రోహం అంది, మా బెంచీ మరీ గట్టిగా అంది. కానీ వాడు వెళ్ళే ముందు రోజు బస్సు దిగి నేరుగా మా బెంచీ ముందుకు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, రేపట్నుంచి హిందూపురానికి పోతాండా, మీకు చెప్పి పోదామని వచ్చినా అన్నాడు. మాలో ఒక్కరికీ తిట్టడానికి నోరు లేవలేదు. అన్న షాపునుంచి వచ్చి వాణ్ణి బస్సు దాకా సాగనంపాడు. చదువు రాని ఆ పిల్లవాడికి చేతనైన పని, చేతిరాత బాగున్న నాకు చేతకాలేదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ టీ బంకూ, గోడా పోయాయి. అన్న ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు, భుజం అలాగే ఉంది, నేను వెళ్ళినప్పుడల్లా నాకు వడ్డించేదాకా తను ముద్ద ముట్టడు. ఈ కాలంలో ఆటగాళ్ళను తీసేసే పెద్దమనుషులు ఎక్కడో ఒక ఊళ్ళో ఉంటారు, తీసేయబడ్డవాడు ఇంకెక్కడో ఉంటాడు, వార్త దేశమంతటితో పాటు వాడికీ అందుతుంది. ఎవరూ ఎవరికీ చెప్పుకోవాల్సిన పని లేదు, ఎవరి ముఖమూ ఎవరూ చూడాల్సిన పని లేదు. సుఖమే. మా రోజుల్లో పేరు కొట్టేసినవాడు, పేరు పోయినవాడి పక్కనే కూర్చుని అన్నం తినాల్సి వచ్చేది.